అరువు కూత

నా బీరువాలో పాత హాజరుపట్టీ ఒకటి వున్నది. కాలేజీలో ఏడాది తిరిగేసరికి ఇటువంటివి నాలుగైదు సగం ఖాళీగా మిగిలిపోతాయి. పారెయ్యటానికి మనసొప్పక ఇంటికి తెచ్చుకుంటాను. ఒకటి పాలలెక్కకు, ఒకటి మా ఆవిడ చీట్ల లెక్కకు. ఇది మాత్రం వేరు. విద్యార్థుల పేర్లు వుండవలసిన చోట దీనిలో ఊళ్ళ పేర్లు వున్నాయి. పుణె, హర్యానా, బెంగుళూరు, పాట్నా, జయపురం. ఎదురుగా అంకెలు. మొత్తం ఇరవైరెండు వరసలు. మొదటి వరస తేదీ 2021 డిసెంబరు 22.

ఏమిటయ్యా యీ చిట్టా అని మీరు అడగవచ్చు. ఇది ఒక జట్టు ఓటముల చరిత్ర. చెప్పి వ్రాయించినవాడు మా అయ్య; వ్రాసినవాణ్ణి నేను.

ఆ ఏడు వరికోతల రోజుల్లో అయ్య కళ్ళంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను అయినాక ఊళ్ళో చూసేవారు లేక శ్రీకాకుళంలో మా ఇంటికి తెచ్చుకున్నాము. డెబ్బై దాటిన మనిషి, పుట్టి బుద్ధెరిగి పగటిపూట మంచం మీద పడుకోనివాడు. నాగావళి ఒడ్డున వుండే ఊరు వదిలి, కిటికీలోంచి చూస్తే పక్కింటి గోడ కనబడే గదిలో ఆయన్ని పడుకోబెడితే ఎలా వుంటుంది? మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగోరోజు రాత్రి మావాడు టీవీ తిప్పుతుంటే "కబడ్డీ" అన్న కేక వినపడింది. అయ్య తల తిప్పాడు.

"ఏటిరా అది? సెడుగుడేనా?"

"అవునయ్యా. ప్రో కబడ్డీ అంటారు."

"మనోలున్నారేటి?"

వున్నారన్నాను. తెలుగు టైటాన్స్ అని ఒక జట్టు వుందని, 2014లో యీ పోటీలు పుట్టినప్పటినుంచీ వున్నదని, ఆ ఏడు మన విశాఖపట్నంలోనే ఆడారని చెప్పాను. అంతే, ఆ రోజునుంచి మా ఇంట్లో రాత్రి భోజనాల వేళ మారిపోయింది.

చెడుగుడు తెలియని తెలుగువాడు వుండడు గాని, యీ కొత్త పద్ధతి సంగతి రెండు ముక్కలు చెప్పాలి. పక్షానికి ఏడుగురు. ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు. కూతకు వెళ్ళినవాడు ముప్ఫై సెకన్లలో తిరిగి రావాలి. మా అయ్య కాలంలో గడియారం లేదు. ఊపిరి ఎంతసేపు వుంటే అంతసేపు. "ఆడి గుండెకాయే గడియారం" అనేవాడు. మట్టి పోయి చాప వచ్చింది, గోచీ పోయి నిక్కరు వచ్చింది. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది చావో రేవో: పాయింటు తేకపోతే వెళ్ళినవాడు అవుట్. యీ సూత్రం మాత్రం అయ్యకు బాగా నచ్చింది.

ఆ సంవత్సరం కరోనా భయం కొద్దీ పోటీలన్నీ బెంగుళూరులో ఒకే చోట పెట్టారు. పన్నెండు జట్లు. చూడటానికి జనం లేరు. చప్పట్లు ఎక్కడినుంచో యంత్రం మీద వినిపించేవారు గాని, అయ్య చెవిని మోసగించటం అంత తేలిక కాదు. "సంకురాత్రి రోజులు, సెడుగుడు బరి, సుట్టూ ఒక్క మనిసి లేడు. ఇదేం సోద్యంరా" అన్నాడు.

మొదటి ఆట తమిళులతో. 40–40, సమానం. అయ్య సంతోషించాడు. మూడు రోజులకు పుణె మీద 33–34తో ఓడారు. "ఒక్కటే గదా" అన్నాడు. తరవాత హర్యానా మీద 37–39. "రెండే గదా" అన్నాడు. లెక్క మరిచిపోతున్నాను, ఎక్కడైనా రాసి పెట్టమన్నాడు. హాజరుపట్టీ అప్పుడు తీశాను.

ఓడటం అలవాటైన జట్టును చూడటం ఎంత విసుగో మీకు తెలుసుననుకుంటాను. మూడో ఆటతోనే పేరున్న ఆటగాడు సిద్ధార్థ్ దేశాయి దెబ్బ తగిలి తప్పుకున్నాడు. కొల్లాపురం వైపు కుర్రాడు. 2019 వేలంలో 1 కోటి 45 లక్షలకు వచ్చినవాడు. కెప్టెను రోహిత్ కుమార్ ఉత్తరాదివాడు. అయ్యకు వేలం సంగతి చెప్పినప్పుడు నేను వూరుకోక, "పేరే తెలుగు, మనుషులు అరువు. సంతలో ఎడ్లను కొన్నట్టు కొన్నారు. వీళ్ళకోసం మనం నిద్ర చెడగొట్టుకోవటం ఎందుకు?" అన్నాను.

ఆ మాట అనటంలో నాకు ఒక లెక్క వున్నది. అయ్య చెడుగుడు ఎందుకు మానేశాడో మా ఊళ్ళో అందరికీ తెలుసు. 1974 సంక్రాంతికి ఏటికవతలి ఊరితో పందెం పడితే, ఊరి పెద్దలు అయ్యను తప్పించి, సముద్రం వైపునుంచి ఎవరో కుర్రాణ్ణి డబ్బిచ్చి తెచ్చారు. నాలుగేళ్ళు ఊరికి ఆడి ఎప్పుడూ ఓడనివాణ్ణి చెట్టుకింద కూర్చోబెట్టారు. మర్నాటినుంచి అయ్య బరిలో అడుగుపెట్టలేదు. యీ కథ చిన్నప్పుడు మా మేనత్త చెప్పగా విన్నాను. అందుచేత అరువు ఆటగాళ్ళ మాట ఎత్తితే అయ్యకు కోపం వస్తుందని, టీవీ కట్టేయమంటాడని అనుకున్నాను.

అయ్య నా వైపు చూసి, "నువ్వు రాయి" అన్నాడు. అంతే.

ఇక్కడ ఒక చిన్న పిడకల వేట, క్షమించాలి. ఐర్లాండు దేశంలో హర్లింగ్ అనే ఆట ఒకటి వున్నదని ఆ రోజుల్లోనే చదివాను. చివర వెడల్పుగా వుండే కర్రతో తోలు బంతిని కొట్టే ఆట. చాలా పురాతనమైనది. వాళ్ళకూ జాతీయ లీగు వున్నది, 1925 ప్రాంతంనుంచీ. అయితే అక్కడ ఆటగాడికి జీతం లేదు. జిల్లాల పేరిట జట్లు. బడిపంతుళ్ళు, రైతులు పగలు పని చేసుకుని సాయంత్రం సాధన చేస్తారు. మామూలుగా ఏ జిల్లావాడు ఆ జిల్లాకే ఆడతాడు. ఇది చదివి నాకు పరమానందమయింది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి గారిని, ఆమదాలవలస పక్క ఊసవానిపేటనుంచి వెళ్ళి 2000లో సిడ్నీలో కంచుపతకం తెచ్చిన కరణం మల్లేశ్వరిని తలుచుకుని, మనకూ జిల్లాల లీగు వుంటే శ్రీకాకుళం ఎక్కడ వుండేదో అని వూహించుకున్నాను. అయ్యకు చెప్పాను కూడా. ఆయన శ్రద్ధగా విని, "మంచిదే. జీతం లేకపోతే కాలిరిగినోడికి ఎవుడు పెడతాడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

సంక్రాంతి వచ్చింది, వెళ్ళింది. ఆటల మీద ఆటలు అయిపోతున్నాయి గాని టైటాన్స్‌కు ఒక్క గెలుపు లేదు. నా పట్టీ నిండా ఓటములు, నడుమ ఒకటి రెండు సమానాలు. జనవరి మూడో వారంలో జయపురంతో ఆట. ఆ రాత్రి అయ్యకు నొప్పి ఎక్కువై, మాత్ర వేస్తే పెందలాడే నిద్రపట్టేసింది. నాకు దిద్దవలసిన పేపర్లు ఒక కట్ట వున్నది. టీవీ పెట్టాను, రెండు కూతలు చూశాను, కట్టేశాను. ఎలాగూ తెలిసిందే గదా!

తెల్లవారి కాఫీ తాగుతూ అయ్య అడిగాడు: "ఏటయినాది రాత్రి?"

చూడలేదని చెప్పటానికి ఎందుకో సిగ్గేసింది. "ఓడిపోయారయ్యా" అన్నాను.

"ఎంతకి?"

చూడండి, అబద్ధం ఒకటి ఆడితే దానికి అంకెలు కూడా పుట్టించాలి. "ముప్ఫై ఒకటి, ముప్ఫై ఆరు" అన్నాను. "రాసినావా?" అన్నాడు. వ్రాశాను, ఆయన ఎదురుగానే, నీలం సిరాతో. పాతికేళ్ళనాడు పరీక్ష తప్పినప్పుడు కూడా ఆయన దగ్గర అబద్ధమాడినవాణ్ణి కాను.

ఎనిమిదింటికి పేపరు వచ్చింది. మావాడికి ఆటల పేజీ ముందు చదవటం అలవాటు. వాడు గంతులేస్తూ తాతగారి గదిలోకి వెళ్ళిన చప్పుడు వినపడింది. "తాతా! గెలిచాం! 35–34! ఫస్ట్ విన్!"

నేను వంటింట్లోనే నిలబడిపోయాను. కొంతసేపటికి అయ్య పిలిచాడు. వెళ్ళాను. తిడతాడనుకున్నాను. ఆ పుస్తకం ఇలా తెమ్మన్నాడు. ఇచ్చాను. చదువు రాని మనిషి; అంకెలు మాత్రం పోలుస్తాడు. ఆ వరస మీద వేలు పెట్టి, "ఇది కొట్టీ" అన్నాడు. కొట్టేశాను. "ఇప్పుడు సరిగ్గా రాయి." వ్రాశాను.

"నువ్వు సూడనేదు."

"లేదయ్యా."

"ఒక్క దినం గెలిసినారు. ఆ దినం నాను నిద్రపోనాను, నువ్వు కట్టీసినావు." కాసేపు వూరుకుని, నేను ఎన్నడూ వినని మాట ఒకటి చెప్పటం మొదలుపెట్టాడు.

"ఆ అరువు కుర్రోడు గెలిసినాడని గదా మీ అత్త సెప్పింది? గెలవనేదురా. ఓడిపోనాడు. బెస్తోల కుర్రోడు. ఊపిరి పట్టినాడంటే అటు గట్టు మీద మనిసి ఇటొచ్చీదాకా ఇడిసీవోడు కాదు. మంచి ఆటగాడే. ఆకరి కూతలో నలుగురు మీదడిపోయి మోకాలు ఇరిసీసినారు. ఆట అయిపోనాది. ఏటి సేసినారనుకున్నావు? అందరూ ఎల్లిపోనారు. అటోలు డప్పులు కొట్టుకుంటూ ఎల్లిపోనారు, మనోలు తిట్టుకుంటూ ఎల్లిపోనారు. తెచ్చిన పెద్దలూ ఎల్లిపోనారు. ఆడొక్కడూ బరిలో పడున్నాడు. నాను సెట్టుకింద ఉన్నాను."

"నువ్వేం చేశావు?"

"సేసీదేటి? బండి కట్టినాను. ఏటి ఇసకలో దారంతా కుదుపులు. సికాకోలు ఆస్పత్రికి వచ్చీసరికి సందలడిపోనాది. దారిపొడుగునా ఏడుస్తానే ఉన్నాడు. కాలు నొప్పెడతాందా అంటే, కాదన్నా, ఓడిపోనాను గదా, ఇరవై రూపాయలిస్తారా అన్నాడు."

"ఇచ్చారా?"

"ఎవుడిస్తాడు? నా కాడ ఏడు రూపాయలుంటే ఆడి సేతిలో ఎట్టీసినాను. పేరు కూడా అడగనేదు." అయ్య కిటికీ వైపు తిరిగాడు. "అరువొచ్చినోడు గెలిస్తే గెలుపు ఊరిదిరా. ఓడితే ఆడొక్కడిదే."

మర్నాడు ఆట మానెయ్యటానికి కారణం పెద్దల మీద అలక కాదన్నమాట. నలభైయేళ్ళు నేను మా మేనత్త మాట నమ్మాను. అయ్య ఎన్నడూ దిద్దలేదు. ఊరు ఓడిన సంగతి మేనత్త ఎందుకు దాచిందో నాకిప్పటికీ తెలియదు. తమ్ముడి పౌరుషం నిలబెట్టటానికి కాబోలు.

ఆ తరవాత ఒక్క ఆట కూడా తప్పలేదు. చాలావరకు ఓడిపోయారు. ఫిబ్రవరిలో ఒక్కొక్కనాడు ఎంత చెత్తగా ఆడేవారంటే, మా ఆవిడ కూడా వంట మధ్యలో వచ్చి చూసి నాలిక చప్పరించేది. అయ్య మాత్రం ప్రతి కూతకూ మంచం పట్టె గట్టిగా పట్టుకునేవాడు. ఉత్తరాది పేర్లన్నీ ఆయన నోట్లో మన పేర్లయిపోయాయి. రజనీష్ అనే కుర్రాడు "రజినిగాడు". అంకిత్ బేనివాల్ "అంకిగాడు". రజినిగాడు పాయింటు తెస్తే మావాడికి బెల్లంముక్క.

లెక్క తేలింది: 22 ఆటలు, ఒక గెలుపు, నాలుగు సమానాలు, పదిహేడు ఓటములు. పన్నెండింటిలో పన్నెండో స్థానం. ఫిబ్రవరి 25న ఢిల్లీవాళ్ళు పాట్నా మీద 37–36తో గెలిచి కప్పు పట్టుకుపోయారు. ఆ సంగతి అయ్య పట్టీలో వ్రాయించలేదు. "అది మన లెక్క కాదు" అన్నాడు.

మరుసటి ఏడు ఇరవైరెండింటిలో రెండు గెలుపులు, ఇరవై ఓటములు. అప్పటికి అయ్య ఊరికి తిరిగి వెళ్ళిపోయి చేతికర్రతో నడుస్తున్నాడు. రాత్రి ఆట అయిపోగానే ఫోను చేసి అంకెలు చెప్పేవాణ్ణి. చూసి చెపుతున్నానో, పేపరు చదివి చెపుతున్నానో తెలుసుకోవటానికి మధ్యలో ఒక ప్రశ్న వేసేవాడు. 2023 వేసవిలో పోయాడు. ఆ అక్టోబరు వేలంలో టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తెచ్చుకున్నారు. ఆ మొత్తం వినివుంటే, మోకాలికి కూడా కలిపే యిచ్చారా అని అడిగేవాడేమో. అంత పోసినా ఆ ఏడు గెలిచినవి రెండే.

2025 ఆగస్టు 29న పన్నెండో సీజను విశాఖపట్నంలో మొదలయింది. మొదటి ఆట మనవాళ్ళకూ తమిళులకూ. మావాణ్ణి తీసుకుని మధ్యాహ్నం బస్సెక్కాను. పట్టీ సంచిలో పెట్టుకున్నాను. ఈసారి నిజమైన జనం, నిజమైన చప్పట్లు. చెవులు చిల్లులు పడ్డాయి. విజయ్ మాలిక్ కూతకు వెళ్ళినప్పుడల్లా నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒకాయన లేచి నిలబడి "మనోడే, మనోడే" అని అరిచాడు. హర్యానావాడని చెప్పబోయి వూరుకున్నాను.

మూడు పాయింట్లతో ఓడిపోయాము. జనం మెట్లమీదుగా దిగిపోవటం మొదలుపెట్టారు. మావాడు లేవలేదు, నేనూ లేవలేదు. చాపమీద ఆటగాళ్ళు ఒకరినొకరు భుజం తట్టుకుంటున్నారు. ఒకడు మోకాలికి కట్టిన పట్టీ విప్పుకుంటున్నాడు. సంచిలోంచి పుస్తకం తీసి 35–38 అని వ్రాశాను.

మావాడు పక్కనుంచి తొంగిచూసి, "తేదీ వెయ్యలేదు నాన్నా" అన్నాడు.