గొర్రె కనురెప్ప

మా ఊరు నాగరగెరె. హిందూపురానికి దగ్గర, కర్ణాటక వైపు. ఒకప్పుడు కోలారు జిల్లా, 2007 నుంచి చిక్కబళ్ళాపురం జిల్లా. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మా చిన్నాయన గొర్రెలను అదిలించేదీ తెలుగులోనే.

బెంగుళూరులో ఉద్యోగంలో చేరాక, ఊరికి వెళ్ళినప్పుడల్లా ఆయనకు నట్టల మందు సీసా తీసుకెళ్ళేవాణ్ణి. ఏటేటా అదే ఆల్బెండజోల్. మందకంతటికీ సరిపోవాలని, కొలత కాస్త తగ్గించి తాపమని చెప్పిందీ నేనే. చదువుకున్నవాణ్ణని చిన్నాయన నా మాట కాదనలేదు.

ఒక ఏడు వానలు వెనకబట్టాక ఫోను వచ్చింది. "మందు తాపినా పన్జేస్తా లేదప్పా. దవడల కింద నీళ్ళు దిగుతాండాయి" అన్నాడు. నేను వెళ్ళేసరికి పదకొండు గొర్రెలు పోయాయి. ఆయన వెంటే తిరిగే కర్రి గొర్రె కూడా వాటిలో ఉంది.

పశువుల డాక్టరు పెంటికలు పరీక్ష చేయించారు. మందు తాపి రెండు వారాలైనా పురుగు గుడ్లు పెద్దగా తగ్గలేదు. గొర్రె నాలుగో పొట్టలో చేరి నెత్తురు తాగే ఆ పురుగు పేరు హీమాంకస్. ఆడపురుగు రోజుకు వేల గుడ్లు పెడుతుంది. మందుకు తట్టుకునేవి వాటిలో పుట్టుకతోనే కొన్ని ఉంటాయి. మిగతావి చస్తే, బతికిన ఇవే సంతానాన్ని పెంచుకుంటాయి. కొలత తగ్గిస్తే, అంతంతమాత్రం తట్టుకునేవీ బతికిపోతాయి. ఈ కోవకే చెందిన థయాబెండజోల్ 1961లో వస్తే, దానికి లొంగని పురుగులు 1964కే అమెరికాలో బయటపడ్డాయి.

డాక్టరు వేరే కోవ మందు రాసి, "బరువు తూచి నిండు కొలత తాపండి. కానీ అన్నిటికీ వద్దు, పాలిపోయినవాటికే" అన్నారు. తాపని గొర్రెల్లో మందుకు లొంగే పురుగులు మిగులుతాయి. వాటి సంతానం బీట్లో కలిస్తే మొండి పురుగులదే రాజ్యం కాదు. పాలిపోయినదీ లేనిదీ కనురెప్ప లోపలి రంగు చెబుతుంది. అందుకోసం దక్షిణాఫ్రికాలో 1990లలో అయిదు రంగుల అట్ట ఒకటి తయారు చేశారు.

చిన్నాయన ఆ మాట విని, "సంతలో గొర్రెను కొనేటప్పుడు మేము చూసేది అదే కదప్పా!" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్లయింది. ఇన్నేళ్ళూ ఆయన చేతిలో ఉన్న విద్యను అడగకుండా సీసాలు మోసుకెళ్ళాను.

ఇప్పుడు సీసాలు తీసుకెళ్ళడం మానుకున్నాను. ఆ తర్వాత ఒక వేలాడే తక్కెడ మాత్రం కొనిచ్చాను. ఊరికి వెళితే దొడ్లో ఆయన పక్కన కూర్చుంటాను. ఆయన ఒక్కొక్క గొర్రె రెప్ప తిప్పి, ఎర్రగా ఉంటే వదిలేస్తాడు, తెల్లబడితే నావైపు తోస్తాడు. నేను పట్టుకుంటాను, ఆయన తాపుతాడు.