సముద్రం అడుగున చిక్కుకుంటే?

కథలాపూర్‌ లాంటి ఊళ్లలో పిల్లలకు నీళ్లంటే చెరువే. వాళ్లను బడి తరఫున విశాఖ తీసుకెళితే ఆర్కే బీచ్‌లోని ‘కురుసుర’ జలాంతర్గామిని తప్పక చూపించాలి. 1969లో నౌకాదళంలో చేరిన ఈ 91 మీటర్ల జలాంతర్గామి 2001లో విశ్రమించి, మరుసటి ఏడాది మ్యూజియంగా మారింది. పెద్దలు నడుం వంచి దూరే గుండ్రటి ద్వారాల్లోంచి పిల్లలు చకచకా దూకేస్తారు!

మరి ఇది సముద్రం అడుగున చిక్కుకుంటే? ప్రత్యేక దుస్తులు తొడుక్కొని, అర మీటరు వెడల్పున్న టార్పెడో గొట్టంలోకి పాకి, దాన్ని నీటితో నింపాక బయటపడాలి. చెప్పినంత తేలిక కాదు. 1971 డిసెంబరులో విశాఖకు చేరువలోనే మునిగిన పాకిస్థాన్‌ జలాంతర్గామి ఘాజీలో ఒక్కరూ బతకలేదు.

ఇక్కడి గైడ్లు నౌకాదళంలో పనిచేసినవారే. పిల్లల్ని అడగనివ్వండి. సోమవారం మాత్రం సెలవు.