విమానమెక్కిన సైకిలు

లడఖ్ వెళ్లివచ్చేవారు మన వైపు ఇప్పుడు చాలామందే వున్నారు. అక్కడి కొండదారుల్లో సైకిలు తొక్కేవారూ తక్కువేమీ కారు. కాని హైదరాబాదు నుంచి సొంత సైకిలును విమానంలో వెంటబెట్టుకుని వెళ్లడమంటే మాత్రం, ఆడపిల్లను అత్తవారింటికి సాగనంపినంత పని. ఏది మరిచినా అక్కడ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

"అక్కడ అద్దె సైకిళ్లు దొరుకుతాయట గదా, ఈ మోత దేనికండీ?" అని మా ఆవిడ అడగనే అడిగింది. సబబైన ప్రశ్నే. లేహ్ బజారులో అద్దె సైకిళ్లు వున్న మాట నిజం. కాని పది రోజులపాటు కొండలెక్కేవాడికి సీటు ఎత్తూ, హాండిలు దూరమూ తన ఒంటికి కుదిరినవి కావాలి. పరాయివాడి చెప్పులతో పది మైళ్లు నడవగలమా?

ముందుగా కావలసింది పెట్టె. కొత్త సైకిళ్లు దుకాణాలకు పెద్ద అట్టపెట్టెల్లో వస్తాయి. షాపువాణ్ణి మంచిగా అడిగితే ఒకటి ఇస్తాడు. తరవాత విమాన కంపెనీకి ఫోను చేసి, సైకిలుకు రుసుమెంతో, పెట్టె కొలతలెంతో కనుక్కోవాలి. మన దేశపు విమానాల్లో సాధారణంగా ఉచితంగా అనుమతించే సామాను 15 కిలోలు. పెట్టెతో కలిసి మా సైకిలు 18 తూగింది.

ఇక విప్పడం. నేనూ మా మేనల్లుడూ హాల్లో చాప పరిచి కూర్చున్నాం. మొదట పెడళ్లు. కుడి పెడలు మామూలు మరలాగే వూడుతుంది. ఎడమదాని మర తిరకాసు. స్పానరు పైకి నిలబెట్టి సైకిలు వెనకవైపుకు లాగితే రెండూ వదులౌతాయి. ఇదొక్కటి గుర్తుంటే చాలు. ఈ తిరకాసు మర పెడళ్లను 1900 నాటికే తమ సైకిళ్లకు బిగించి, తొక్కుతుంటే వూడిరావని చెప్పుకున్న దుకాణదారులెవరనుకున్నారు? రైటు సోదరులు! 1892లో అమెరికాలోని డేటన్ పట్నంలో సైకిలు షాపు పెట్టిన ఆ అన్నదమ్ములే 1903 డిసెంబరు 17న విమానం ఎగరేశారు. ఆ విమానపు పంకాలు తిరిగింది సైకిలు చైను వంటి చైన్లతోనే. అంటే సైకిలు విమానమెక్కడం పుట్టింటివాళ్ల బండి ఎక్కడమే నన్నమాట.

పెడళ్ల తరవాత చక్రాలు. ముందు చక్రం తీసిన చోట ఫోర్కు రెండు కొసలూ నొక్కుకుపోకుండా మధ్య ఒక గట్టి ముక్క నిలపాలి. డిస్కు బ్రేకులైతే వాటి దిమ్మల నడుమ మడిచిన అట్ట దూర్చాలి. లేకపోతే పొరపాటున బ్రేకు నొక్కినప్పుడు అవి అంటుకుపోయి చక్రాన్ని మళ్లీ రానివ్వవు. వెనక గేరు మార్చే యంత్రమే అన్నిటిలోకీ సుకుమారం. దాన్ని విప్పి, పాత పంచెలో చుట్టి, ఫ్రేము లోపలికి కట్టేశాం. మరలూ, ఇరుసులూ ఒక గుడ్డసంచిలో వేసి, ఆ సంచిని కూడా ఫ్రేముకే కట్టాం. మనం లేనిచోట తనిఖీవారు పెట్టె తెరవవచ్చు. పెట్టె మూల చిరగవచ్చు. కట్టి వున్నదే మనది, విడిగా వున్నది దైవాధీనం. స్పానర్లు పెట్టెలోకి, ఫోను బాటరీ చేతిసంచిలోకి. కరెంటు సైకిలైతే 160 వాట్-అవర్లు దాటిన దాని బాటరీకి ప్రయాణికుల విమానంలో చోటే లేదు.

"మామయ్యా, టైర్లలో గాలి తియ్యకపోతే పైన పేలిపోతాయట గదా!" అన్నాడు మేనల్లుడు. పేలవు. సామాను గదిలోనూ మనం కూర్చునే చోటి ఒత్తిడే వుంటుంది. అది సుమారు 8,000 అడుగుల కొండమీది గాలితో సమానం. అయినా కొంత గాలి తియ్యమని కంపెనీలు కోరతాయి గనుక తీశాం. వింత ఏమిటంటే, లేహ్ విమానాశ్రయమే 10,682 అడుగుల ఎత్తున వుంది. అంటే ఆకాశంలో ఎగురుతున్నప్పటికంటె, నేలమీద దిగి తలుపు తీశాకే మన చుట్టూ గాలి పలచన! టైరు దానికి తట్టుకుంటుంది. తట్టుకోలేనిది మనిషి.

ఢిల్లీలో మారి పొద్దున్నే లేహ్‌లో దిగాం. మా పెట్టెను ఎవరో తెరిచి మళ్లీ అంటించారు. లోపల గుడ్డసంచి కట్టినచోటే వుంది. మా విమానంలోనే వచ్చిన ఒక బెంగుళూరు కుర్రవాడి పెట్టెకు మాత్రం మూల చిరిగింది. ముందు చక్రపు ఇరుసు జారిపోయింది. చూస్తే జానెడు కడ్డీ! కాని దాని పొడుగూ మరా ఒక్కో సైకిలుకు ఒక్కో రకం. ఏడాది పొడుగునా దాచుకున్న సెలవు చేతిలో పెట్టుకుని ఆ పిల్లవాడు రెండు రోజులు బజారంతా తిరిగాడు. దొరకలేదు. చివరకు అద్దె సైకిలు తీసుకున్నాడు.

ఆ రెండు రోజులూ మేము గదిలోనే వున్నాం. దిగిన గంటకే ఖార్దుంగ్ లా దారిలో నాలుగు మైళ్లు తొక్కివద్దామని మావాడు తొందరపడ్డాడు; నేను పడనివ్వలేదు. మెట్లెక్కితేనే ఆయాసం వచ్చే చోటది. తలనొప్పి, వికారం వుంటే ఇంకా పైకి పోరాదు. ముదిరితే వూపిరితిత్తుల్లోనో, మెదడులోనో నీరు చేరి ప్రాణానికే ముప్పు. వాడి తల్లికి జవాబు చెప్పవలసినవాణ్ణి నేను గదా! 17,582 అడుగుల కనుమ ఎక్కడికీ పారిపోదని చెప్పి వాణ్ణి పడుకోబెట్టాను.

మూడోనాడు నిమ్మళంగా సైకిళ్లు బిగించి, సింధునది వెంబడి 19 కిలోమీటర్ల దూరాన వున్న థిక్సే మఠానికి బయలుదేరాం. బెంగుళూరు కుర్రవాడూ కలిశాడు. దారిపొడుగునా పిల్లలు "జూలే" అని పలకరిస్తుంటే, పసుపుపచ్చని కొండల నడుమ పచ్చని పొలాలు చూస్తూ మెల్లగా తొక్కాం.

వెళ్లదలచినవారికి ఇంకొక్క మాట. సైకిలు బయటికి తీశాక పెట్టెను పారెయ్యకండి. మేము బసచేసిన ఇంటావిడ దాన్ని మెట్లకింద భద్రంగా దాచి ఇచ్చింది. తిరిగి రావలసింది కూడా అందులోనే గదా!