వేచియున్న పనులు

ఓర్పు స్త్రీకి భూషణమని పెద్దలు చెప్పుదురు. కాని ఓర్చి యోర్చి, తుదకు అడుగుటయే మానుకొన్నవారిని గూర్చి యెవ్వరును చెప్పరు. ఈ సంగతి మాకు పురాణపఠనమువలన గాక, కంప్యూటరు ఉద్యోగియగు మా తమ్మునివలన దెలిసినది.

మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. మాది బడిచదువు గాదు. తండ్రిగారి యొద్ద అమరమును, రఘువంశమును, భారతమున గొన్ని పర్వములును చదువుకొంటిమి. గడచిన వేసవి సెలవులలో మా తమ్ముడు హైదరాబాదునుండి వచ్చి మా యింట గొన్నాళ్లుండెను. అతడు పనిచేయు వర్తకసంస్థ లెక్కలు వారి భవనమున నుండవు. ఎచ్చటనో దూరమున నున్న యంత్రశాలలలో, అద్దెకు దీసికొనిన కంప్యూటర్లలో నుండును. దీనినే క్లౌడు అందురు.

ఒకనాటి రాత్రి రెండుగంటలవేళ లేచి చూడగా, అతడు వసారాలో లాప్‌టాప్ ముందు దిగులుగా గూర్చుండి యుండెను.

"ఏమిరా అబ్బాయీ, యింకను నిద్రపోలేదా?" యంటిమి.

"ఏమి నిద్ర అక్కా! తెల్లవారి ఆరుగంటలకు పైవారికి అందవలసిన పట్టిక యింకను వరుసలోనే నిలిచియున్నది. నిన్న ఆలస్యమయ్యెను, మొన్నయు ఆలస్యమయ్యెను. నేడును ఆలస్యమైనచో నాకు మాట దక్కదు" అనెను.

సంగతి యడుగగా వివరించెను. ప్రతిరాత్రియు నలువదికి పైగా పనులు జరుగవలెను: అమ్మకముల లెక్కలు చేర్చుట, తప్పులు సరిచూచుట, మొత్తములు కట్టుట. ఏ పని ఎన్నిగంటలకు మొదలు కావలెనో ముందుగానే వ్రాసియుంచినచో యంత్రము తానే ఆరంభించును. అయితే ఆ పనులను వ్రాసినవారందరును అర్ధరాత్రి పండ్రెండుగంటలనే వ్రాసిరట! జ్ఞాపకముంచుకొనుటకు సులభమని గాబోలు. యంత్రమో, ఒక్కమాఱు కొన్ని పనులనే చేపట్టును. తక్కినవి వరుసలో నిలువవలెను. అవశ్యకమైన పట్టిక, ఎవ్వరును చూడని చిల్లరపట్టికల వెనుక జిక్కుకొనెను.

"అట్లయిన ఆ హద్దు తీసివేయరాదా?" యని మేము అమాయకముగా నడిగితిమి.

"పెంచి చూచితిని అక్కా. అన్నియు ఒక్కసారి మొదలయ్యెను గాని ఒక్కటియు త్వరగా ముగియలేదు. యంత్రమునకుగల జ్ఞాపకశక్తిని అన్నియు పంచుకొనవలెను గదా! పాలు చాలని పని, పట్టని భాగమును డిస్కుమీద వ్రాసి మరల చదువుకొనుచు మరింత మందగించును" అనెను.

పెండ్లియింట బంతులు వేయించినవారికి ఇది క్రొత్త గాదు. ఏబది విస్తళ్లు పట్టు పందిట నూఱుగురను గూర్చుండబెట్టినచో వడ్డించువానికి నడువ దారియుండదు, అందరికిని ఆలస్యమగును. అందుచేతనే మొదటిబంతి, రెండవబంతి యని యేర్పాటు. ఈ వేదికలవారును అట్లే యేర్పరచిరట. అమెజాన్ వారి రెడ్‌షిఫ్టులో, వరుసల యేర్పాటును యంత్రమునకు విడువక తామే చేసికొన్నచో, మార్చుకొననంతవరకు, ఒక వరుసకు ఒక్కమాఱు అయిదు ప్రశ్నలు. స్నోఫ్లేకులో సామాన్యముగా ఎనిమిది, పని పెద్దదైనచో అంతకు దక్కువయే. వేచియుండుటను గణితముతో విచారించుటయు నేటిది గాదు; కోపెన్‌హేగన్ నగరమున టెలిఫోనులనుగూర్చి ఎర్లాంగ్ అను గణితజ్ఞుడు 1909 లోనే తొలివ్యాసము ప్రకటించెను.

"మరి చిన్నపనికి ఎన్నడును వంతు రాకున్నచో?" అంటిమి.

"దానిని ఆకలితో మాడుట యందురు అక్కా. ముఖ్యమైనవి వచ్చుచునేయుండును, అల్పమైనది వెనుకబడుచునేయుండును. అమెరికాలో ఎమ్.ఐ.టి. విద్యాలయమునందు 1973 లో ఒక పాతయంత్రమును ఆపినప్పుడు, 1967 లో ఒప్పగించిన పనియొకటి యింకను మొదలుకాకయే కనబడెనని మావారిలో నొక వాడుక కలదు. నిజమో కల్పనయో! దీనికి మందేమనగా, వేచినకొలదిని ఆ పని పెద్దఱికమును పెంచుచుపోవుట. లేనిచో కొన్నిచోట్ల గడువు దీఱగానే ఆ పని వరుసనుండి తొలగిపోవును. గూగుల్ వారి బిగ్‌క్వెరీలో, మార్చుకొననంతవరకు, వెంటనే కావలసిన ప్రశ్నకు ఆఱు గంటలే గడువు. అటుపై వరుస తేలికయైనట్లు కనబడును. కాని ఆ పని జరిగి కాదు!"

ఈ తుదిమాట మా హృదయమున ముల్లువలె నాటినది.

మా అమ్మాయికి ఇప్పుడు పండ్రెండేండ్లు. రెండేండ్ల క్రిందట, ప్రతి సాయంకాలమును మా తండ్రిగారి అమరకోశమును చేతబట్టుకొని వచ్చి, "అమ్మా, నేడు చెప్పుదువా?" అని యడిగెడిది. "ఈ పని కానిమ్ము తల్లీ" అనెడివారము. ఆ పని యైనవెనుక మఱియొక పని. కొన్నాళ్లకు అడుగుట మానినది. పిల్లకు బుద్ధి వచ్చినదని, ఇంటిపని యెఱిగినదని, మేము సంతసించితిమి! గడువు దీఱి తొలగిపోయినదని యెఱుగమైతిమి. ఆ రాత్రి మాకును నిద్ర పట్టలేదు.

మఱునాడు మా తమ్ముడు తన పనులన్నియు మార్చి వ్రాసెను. ఆరుగంటల పట్టికకు కావలసినవి ముందు, ఒకదానిపై నాధారపడినది ఆ పని ముగిసినపిదపనే, చిల్లరవి వేర్వేరు వేళలకు, తొందరలేనివి పగటికి. మూడవరాత్రి నాలుగుగంటలకే పట్టిక సిద్ధమయ్యెను. అతడు మాత్రము గాఢనిద్రలో నుండెను.

మేమును ఒక కాగితముపై మా పనులు వ్రాసికొంటిమి. దీపము, ఫలహారము, అత్తగారి మందు, కూరలు తరుగుట, మావారి జవాబుపత్రముల మార్కులు కూడుట — అన్నియు సాయంకాలము ఆరుగంటలకే! మా అర్ధరాత్రి అదియే. మార్కులు మావారు తామే కూడుకొనిరి. మొదట కొంచెము విసుగుకొనిరి గాని కాదనలేదు. కూరలు మధ్యాహ్నమే తరిగితిమి. ఆరుగంటలకు చేతులు కడుగుకొని అమ్మాయిని బిలిచితిమి.

"నాకు ఇప్పుడు పని యున్నదమ్మా" అనినది, తల యెత్తకయే.

కోపము రాలేదు. ఆమె మా వరుసలో రెండేండ్లు నిలిచినది. మేము ఆమె వరుసలో నాలుగుదినములైన నిలువలేమా? ప్రతిదినమును ఆ వేళకు పుస్తకము ముందుంచుకొని వసారాలో గూర్చుండితిమి. అయిదవనాడు వచ్చి ప్రక్కన గూర్చున్నది. ఆగినచోట ఉంచిన వేపాకు ఎండి, తాకినంతనే పొడియైనది. అచ్చటినుండియే మొదలిడితిమి.

సోదరీమణులారా! మన యింట అడుగుచున్నవారి మొఱ మనకు వినబడుచునే యుండును. అడుగుట మానినవారెవ్వరో, నేటి రాత్రి ఒక్కమాఱు విచారింపుడు.