బిడ్డ అపార్ట్‌మెంట్‌కు నా కంది

ఇయ్యాల పంట ముచ్చట కాదు. మీలో చాలామంది పిల్లలకు హైదరాబాద్‌ల ఫ్లాట్లున్నయ్, అందుకే రాస్తున్న.

పోయిన ఆదివారం బషీరాబాద్‌ల రైలెక్కి బిడ్డ ఇంటికి పోయిన. నూరు ఇండ్ల పాత అపార్ట్‌మెంట్. మరమ్మతుకు ఇంటికి లక్షా ఇరవై వేలట. అల్లుడు నా దిక్కు చూసిండు. 2025-26 మద్దతు ధర 8000 లెక్కన పదిహేను క్వింటాళ్ల కంది. నాకు పండేదే అంత!

మీటింగ్‌ల సగం మంది ముందుగాల రంగులేద్దాం అన్నరు. నేను మిద్దె మీద నిలిచిన నీళ్లు చూసిన. పార్కింగ్‌ల పెచ్చులూడి సలాకలు కనవడ్తున్నయ్. సలాక తుప్పు పడితే ఉబ్బి కాంక్రీటును పగలగొడ్తది. దానిమీద రంగేసుడంటే ఎండు తెగులు వచ్చిన కందికి ఆకుల మీద మందు కొట్టినట్టే. లేచి గదే చెప్పిన. ఒకాయన "ఓనర్లే మాట్లాడాలె" అన్నడు. కూసున్న.

ఇంజనీరు చదివిన ఒకామె నా మాట అందుకున్నది. ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుతో పిల్లర్ల పరీక్ష, ఆ తర్వాత పైన నీళ్లు ఆపుడు, పైపులు, సలాకల పని. రంగు ఆఖరుకు. పైసలు విడతలుగా. అందరూ సరే అన్నరు. (మెట్లకు వేసింది మన తాండూరు నాపరాయే, అది మాత్రం చెక్కు చెదరలే.)

ఫ్లాటు కింద భూమిల బిడ్డకు వాటా ఉన్నది, కానీ మన పొలం లెక్క గట్టు ఉండదు, అందరిదీ కలిసే. ఒకరు కట్టకుంటే అందరి పని ఆగుతది.

ఇంజనీరు రిపోర్టు చూసినంకనే మొదటి విడత ఇస్తనన్న. కంది ఇంకా ఇంట్లనే ఉన్నది. మా ఆమె ఇంకా ఒప్పుకోలే. మీ పిల్లల దగ్గర ఎట్ల చేసిండ్రో జర చెప్పుండ్రి.