మోచేతి కింద వేలు

కళ్యాణదుర్గం దాటాక బస్సు దిగి మా చిన్నమ్మ కూతురి స్కూటీ ఎక్కాను. "అన్నా, ఒక్క పూట నా వెంట తిరుగు. మా ఆఫీసు చూడొద్దు, ఇళ్లు చూడు" అని ఎన్నాళ్లుగానో అడుగుతోంది. వికలాంగుల ఇళ్లకు పోయి, వాళ్ల పనులు వాళ్లు చేసుకోవడం నేర్పే కార్యకర్త తను. ఆ పూట అయిదిళ్లు తిరిగాం. నా మనసు రెండో ఇంట్లోనే ఉండిపోయింది.

అక్కడ పన్నెండేళ్ల పిల్లాడికి సెరిబ్రల్ పాల్సీ. కుడిచెయ్యి బిగుసుకుపోతుంది, ఎడమది కొంచెం మాట వింటుంది. మేం పోయేసరికి వాళ్లమ్మ సంగటి ముద్ద తుంచి నోట్లో పెట్టబోతోంది. మా చెల్లెలు ఆపింది. వాణ్ని పొట్టి కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు నేలకు అందడం లేదని రెండు ఇటుకలు తెచ్చి పెట్టింది. కాళ్లకు ఆనిక లేకుంటే చేతికి పట్టు రాదట. పళ్లెం జారకుండా కింద తడిగుడ్డ పరిచింది. స్పూను కాడకు పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేసింది. సంగటి అయితే స్పూనుకు అంటుకుంటుంది, అన్నంలా రాలిపోదు.

"ఎడంచేత్తో తినేదేమే?" అని అవ్వ గొణిగింది.

"వానికి పలికే చెయ్యి అదే కదవ్వా."

రెండు వేళ్లు వాడి మోచేతి కింద ఆనించింది. మొదటి ముద్ద సగం చొక్కా మీద పడింది. మూడోసారికి ఒక్క వేలే ఉంది. అయిదోసారి ఆ వేలు కూడా అంగుళం కిందికి దిగి, తాకకుండా గాల్లో నిలిచింది. స్పూను వణుకుతూ నోటిదాకా పోయింది. ఎంత సాయం చాలో ఆ వేలికి తెలుసు.

చొక్కా మార్చడమూ అంతే. బిగిసిన చెయ్యి ముందు తొడగాలి, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు తీయాలి. అంతా తొడిగి, చివరి బెత్తెడు మాత్రం వాణ్నే కిందికి లాక్కోమంది. వచ్చే నెల రెండు బెత్తెలు. చివరి పని వాడిదైతే, పూర్తి చేసినవాడూ వాడే అవుతాడు.

నాకు మా చిన్నాయన గుర్తొచ్చాడు. పోలియోతో కాళ్లు పోయాయి, చేతులు బంగారంలా ఉండేవి. నలభై ఏళ్లు వచ్చినా మా జేజి నీళ్లు పోసేది, అన్నం కలిపి ఇచ్చేది. ఒకసారి టీ తనే కాచుకుంటానంటే ఇంటిల్లిపాదీ వద్దన్నాం. నేనూ వద్దన్నాను. ప్రేమతోనే అన్నాం. తన చేత్తో ఒక్క గ్లాసు టీ కాచుకోకుండానే ఆయన పోయాడు. ఆ రోజుల్లో మా ఇంటికి ఇలాంటి మనిషి ఒకరు వచ్చి ఉంటే!

కాగితం మీద ఇలాంటి సాయం ఇప్పటికే హక్కు. వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. నలుగురి మధ్య బతకడానికి కావలసిన మనిషి సాయం అందాలని అందులోని 19వ అధికరణం చెబుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 7 రకాల వైకల్యాల జాబితాను 21కి పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 3,000 రూపాయల నుంచి 6,000 అయింది. ఆ డబ్బు ఆ ఇంటికి ఎంత అవసరమో కళ్లారా చూశాను, ఒక్క రూపాయీ తగ్గకూడదు. కానీ వాళ్లమ్మ మాట చెవిలో అలాగే ఉంది: "పింఛనీ నెలనెలా వస్తాది సార్. ఈయమ్మ పదైదు దినాలకొకతూరి వస్తాది. ఆ నడుమ నేను కూలికి పోవాల, వాడు తినేదాకా కూర్చుంటే పని పోతాది. నేనే పెట్టేస్తా."

తొమ్మిది ఊళ్లకు మా చెల్లెలు ఒక్కతే. ఇచ్చేది గౌరవ వేతనం, పెట్రోలు ఖర్చు తనదే. తనకు పని నేర్పిన అక్క వెలుగు పథకం రోజుల్లో, మండలాల్లో వికలాంగుల సంఘాలు కట్టిన కాలంలో నేర్చుకుంది. ఇల్లు గడవక ఆమె మానేసింది. ఆ వేళ్లలోని విద్య ఏ శిక్షణ పుస్తకంలోనూ పూర్తిగా దొరకదు, పక్కన కూర్చుని చూసి నేర్చుకోవాల్సిందే. మా చెల్లెలి పక్కన కూర్చుని నేర్చుకునేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఈ పనిని జీతమున్న ఉద్యోగంగా గుర్తించకుండా, స్వతంత్రంగా బతకడం హక్కు అని రాసుకుని ఏం లాభం?

మేం లేచేసరికి పళ్లెంలో ఇంకా కొంచెం సంగటి ఉంది. వాడు స్పూను ఎత్తాడు, సగం దారిలో ఆగాడు. వాళ్లమ్మ ఒక అడుగు ముందుకు వేసి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది.