ఎడారిలో చక్రాల ఊరు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు పడమటి అంచున, ఫీనిక్స్ నగరానికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరు ఉన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించేవారు రమారమి 2,400 మంది మాత్రమే. చుట్టూ రాతి కొండలు, చేతులు పైకెత్తి నిలుచున్న మనుషులవలె సగువారో జెముడు చెట్లు, వాటి నడుమ గులకరాళ్ళు పరచిన చదునైన నేల. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఆ దారిన పోయేవారు పెట్రోలుకు తప్ప అక్కడ ఆగరు.

చలికాలం వచ్చేసరికి ఆ ఊరి రూపమే మారిపోతుంది. ఉత్తరాన మంచు కురిసే రాష్ట్రాల నుండి, కెనడా నుండి, వేలకు వేలుగా ఇళ్ళు కదలి వస్తాయి. ఇళ్ళు అనడం అతిశయోక్తి కాదు. మోటారు బండి వెనుక తగిలించి లాగుకుపోయే ట్రెయిలరు ఇళ్ళవి. లోపల మంచం, పొయ్యి, స్నానాల గది, పుస్తకాల అర, గోడకు మనుమల ఫోటోలు. జనవరి నెలలో కొండ మీద నిలబడి చూస్తే, ఎడారి నేల నిండా తెల్లని కప్పులు ఎండకు మెరుస్తూ, ఎవరో ఆరబోసిన గవ్వల్లా కనిపిస్తాయి.

ఫీనిక్సులోని బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు, వారి పొరుగున ఉండే వృద్ధ దంపతుల ఆహ్వానంపై, నేను ఈ చక్రాల ఊరిలో ఎనిమిది రోజులు గడిపాను.

ఒంటెల కాపరి సమాధి

క్వార్ట్‌సైట్ శ్మశానంలో పిరమిడ్ ఆకారపు రాతి కట్టడం ఒకటి ఉన్నది. దాని శిఖరాన రాగి ఒంటె. అది హాజీ అలీ అనే ఒంటెల కాపరి సమాధి. అమెరికన్ల నాలుక ఆ పేరును ‘హై జాలీ’గా మార్చింది. 1856లో అమెరికా సైన్యం, ఎడారి దారుల్లో సామాను మోయడానికి పశ్చిమాసియా నుండి ఒంటెలను ఓడలో తెప్పించినప్పుడు, వాటితోపాటు వచ్చినవారిలో ఈయన ఒకరు. అంతర్యుద్ధం వచ్చి ఆ ప్రయత్నం మూలబడింది. ఒంటెలు చెల్లాచెదురయ్యాయి. హాజీ అలీ మాత్రం ఈ ఎడారినే నమ్ముకుని ఉండి, 1902లో ఇక్కడే కన్నుమూశాడు. 1935లో ఈ స్మారకం కట్టారు.

ఒంటెల బిడారును పారశీకులు ‘కార్వాన్’ అన్నారు. ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్ళి ‘కారవాన్’ అయింది. ఇంగ్లండులో నేటికీ ఇటువంటి చక్రాల ఇంటిని ఆ పేరుతోనే పిలుస్తారు. అనువాదమే వృత్తిగా గలవాణ్ణి గనుక, మన తెలుగులో దీనికేమి పేరు పెట్టవచ్చునా అని ఆలోచించాను. ‘బిడారు’ అన్న మాట మనకు ఉండనే ఉన్నది. కాని బిడారు ఒంటరి బండి కాదు, కలిసి సాగే గుంపు. ఆ తేడాలోనే ఈ ఊరి మర్మమంతా ఉన్నదని నాకు తరువాత తెలిసింది.

రేకు డబ్బాల యాత్రికులు

విహారం కోసం చక్రాల ఇల్లు కట్టించుకున్న తొలి వ్యక్తులలో గార్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు ప్రసిద్ధుడు. 1885లో ఆయన బ్రిస్టల్‌లో తయారు చేయించిన బండిని గుర్రాలు లాగేవి. ఇంగ్లండులో కారవాన్ యజమానుల సంఘం 1907లో పుట్టింది. అమెరికాలో 1919లో, ఫ్లోరిడాలోని టాంపా నగరంలో, మోటార్లమీద వచ్చి గుడారాలు వేసుకున్నవారు ‘రేకు డబ్బాల యాత్రికులు’ అనే సంఘం పెట్టుకున్నారు. వారి చిహ్నం కారు ముందు భాగాన బిగించిన ఖాళీ రేకు డబ్బా. దారిలో ఆ డబ్బా కనిపిస్తే చాలు, ఎదుటివాడు ఆగి పలుకరించవలసిందే.

అరిజోనా ఎండలో అద్దంలా మెరిసే అల్యూమినియం ‘ఎయిర్‌స్ట్రీమ్’ ట్రెయిలర్ల నిర్మాత వాలీ బయమ్. 1896లో పుట్టి 1962లో మరణించిన ఈయన ట్రెయిలర్లు అమ్మి ఊరుకోలేదు. వాటి యజమానులను గుంపులుగా వెంటబెట్టుకుని దేశాలు తిప్పాడు. 1959లో బయలుదేరిన బిడారు ఒకటి, నలభైకి పైగా ట్రెయిలర్లతో, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుండి ఈజిప్టులోని కైరో వరకు ఆఫ్రికా ఖండాన్ని నిలువునా దాటింది. దారిలో రోడ్డు లేనిచోట యజమానులే పారలు పట్టారు. ఆయన మరణానంతరం 1963-64లో సింగపూరులో మొదలైన మరో బిడారు మన భారతదేశం మీదుగా ఐరోపా చేరింది.

దింపుకునే ముందు వినండి

మా ట్రెయిలరు ఆగిన పది నిమిషాలలోనే పొరుగువారు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఎవరు, ఏ ఊరు అన్న ప్రశ్నలు తరువాత. మొదటి మాట: “చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టారా?” లాగే బండినుండి ట్రెయిలరును విడదీసే ముందు దాని చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టకపోతే, కంటికి కనిపించని వాలు మీద కూడా అది జారిపోతుంది. ఈ ఊరిలో ఆచారం ఇదే. పేరు కంటే ముందు జాగ్రత్త చెబుతారు.

వారి నుండి నేను విన్నవాటిలో అన్నిటికంటె ముఖ్యమైనది బరువుల లెక్క. ఇది మన ఎడ్లబండి తోలినవారికి కొత్త కాదు. బండిలో వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు బరువెక్కువైతే ఎద్దుల మెడలు కుంగుతాయి. ట్రెయిలరు నొగ మీద, అంటే లాగే బండికి తగిలే కొన మీద, మొత్తం బరువులో 10 నుండి 15 శాతం వరకు ఉండాలి. అంతకు తగ్గితే, వేగం పెరిగినప్పుడు ట్రెయిలరు తోక ఆడించడం మొదలుపెడుతుంది. కొద్ది క్షణాలలో ఆ ఊపు లాగే బండిని కూడా తిప్పి పడవేయగలదు. అటువంటప్పుడు భయపడి బండి బ్రేకు గట్టిగా తొక్కకూడదు. చక్రాన్ని తిన్నగా పట్టుకుని, పెట్రోలు తగ్గించి, ట్రెయిలరు బ్రేకులను మాత్రమే పనిచేయించే మీటను చేతితో మెల్లగా నొక్కాలి. అప్పుడు ట్రెయిలరు వెనుకకు లాగి తనంతట తాను వరుసకు వస్తుంది.

కాపుగొలుసులను నొగ కింద ఒకదానిమీదుగా ఒకటి దాటించి తగిలించాలి. కొక్కెం ఊడినా నొగ నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఉయ్యాలలో పడుతుంది. టైరు అరగలేదు గదా అని ధీమా పడరాదు. నెలల తరబడి ఎండలో నిలిచివుండే ట్రెయిలరు టైరు అరుగుదలతో కాక వయస్సుతో చస్తుంది. దాని పక్కన ముద్రించిన నాలుగు అంకెలలో మొదటి రెండూ తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. టైరు మార్చిన తరువాత మొదటి 50 మైళ్ళలోపే ఆగి నట్లు మళ్ళీ బిగించాలి.

ఎడారిలో నీరే ధనం. ట్రెయిలరు తొట్టిలో పట్టేది 150 లీటర్ల ప్రాంతం. నగరంలో అది ఒక్కరోజు ఖర్చు. ఇక్కడ ఇద్దరికి వారం పది రోజులు రావాలి. అందుకు గిన్నెలను కడిగే ముందు కాగితంతో తుడుస్తారు. ఒళ్ళు తడుపుకుని, నీరు కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ విప్పుతారు. వాడిన నీటికి రెండు తొట్లు. స్నానపు నీటిది ఒకటి, మరుగుదొడ్డిది మరొకటి. నిర్ణీత స్థలంలో ఖాళీ చేసేటప్పుడు మరుగుదొడ్డి తొట్టినే ముందు విప్పాలి. తరువాత వచ్చే సబ్బునీరు గొట్టాన్ని కడిగిపెడుతుంది.

ఇక గ్యాసు. ఎడారి రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది. తలుపులు బిగించి పొయ్యి వెలిగించి పడుకున్నవారు తెల్లవారి లేవని సందర్భాలు ఉన్నాయి. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకే ఎంత చలిగా ఉన్నా కిటికీ కొంచెం తెరచి ఉంచాలి. హెచ్చరిక గంట పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి. ఈ మాట నాకు ఎనిమిది రోజులలో నలుగురు వేరువేరుగా చెప్పారు.

నాలుగు ఉదయాల పాఠం

మా పక్క ట్రెయిలరులో మిన్నెసోటా నుండి వచ్చిన దంపతులు ఉండేవారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. ఆయనకు ఆ శీతకాలంలో చూపు మందగించింది. వైద్యుడు బండి నడపవద్దన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన నడుపుతుంటే పక్కన కూర్చుని పటం చూడటమే ఆమె పని. ఇప్పుడు ఆమె ఆ చక్రం పట్టకపోతే ట్రెయిలరును ఉన్నచోటనే, వచ్చిన ధరకు అమ్ముకోవాలి. అమ్మితే పోయేది వస్తువు ఒక్కటే కాదు. ఏటేటా ఇక్కడ కలిసే నేస్తాలు, వారి వృద్ధాప్యానికి మిగిలిన ఒకే ఒక్క వీధి, అన్నీ పోతాయి.

ఆమె బాధ ఎవరికీ చెప్పుకోలేదు. కాని ఎడారిలో గోడలు పలుచన. మరునాటి ఉదయం ఒక రిటైరైన లారీ డ్రైవరు నాలుగు ఖాళీ డబ్బాలు తెచ్చి, గులకనేల మీద గుర్తులుగా పెట్టి, “రండమ్మా, వెనక్కు నడపడం నేర్చుకుందాం” అన్నాడు.

ట్రెయిలరును వెనుకకు నడపడం ఈ విద్యలోకెల్లా కష్టమైన ఘట్టం. చక్రం కుడికి తిప్పితే ట్రెయిలరు ఎడమకు పోతుంది. ఆయన చెప్పిన సూత్రం చాలా చిన్నది. “చేతిని చక్రం అడుగున పెట్టండి. ట్రెయిలరు తోక ఏ వైపు పోవాలో చేతిని ఆ వైపుకే జరపండి. అనుమానం కలిగిందా, ఆగి దిగి చూడండి. దిగి చూసినవారిని చూసి నవ్వేవాడు డ్రైవరే కాదు.”

మొదటి రోజు రెండు డబ్బాలు నలిగాయి. రెండవ రోజు ఆమె ఏడ్చింది. భర్త సలహాలు చెప్పబోతే, ఆ డ్రైవరు ఆయనను మర్యాదగా కాఫీ కాచే పనిమీద లోపలికి పంపాడు. నాలుగవ రోజు ఆమె ట్రెయిలరును డబ్బాల మధ్యకు ఒక్క తప్పు లేకుండా చేర్చింది. చుట్టూ ఇరవైమంది ఉన్నారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు, అసలు చూస్తున్నట్లే లేరు. ఒకాయన కుర్చీ మడతపెడుతున్నాడు, ఒకామె బట్టలు ఆరవేస్తున్నది. వెనుకకు నడుపుతున్నవారిని గుచ్చి చూడరాదన్నది ఇక్కడి అలిఖిత నియమం. ఆమె ఇంజను ఆపి, కిందికి దిగి, దిమ్మలు పెట్టిన తరువాతనే అందరూ ఆమె చుట్టూ చేరారు.

వెలుగూ నీడా

ఇక్కడివారందరూ విహారానికి వచ్చినవారే అనుకుంటే పొరపాటు. అద్దె కట్టలేక, పింఛను చాలక, ఉన్న ఇంటిని పోగొట్టుకుని చక్రాల మీదికి వచ్చినవారు కూడా ఎందరో. అటువంటివారి జీవితాలపై జెస్సికా బ్రూడర్ 2017లో వెలువరించిన ‘నోమాడ్‌ల్యాండ్’ గ్రంథంలో ఈ ఊరి ప్రసక్తి వస్తుంది. దాని ఆధారంగా తీసిన చలనచిత్రం 2021లో ఆస్కార్ ఉత్తమ చిత్రం బహుమతిని పొందింది. ఊరి చుట్టూ ఉన్నది చాలావరకు ప్రభుత్వ భూమి. కొన్నిచోట్ల 14 రోజులు ఉచితంగా ఉండవచ్చు. దీర్ఘకాలం ఉండదలచినవారికి రుసుముపై, సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు, వేరే స్థలాలు కేటాయించారు. అక్కడ లక్షల డాలర్ల బండి పక్కనే అతుకులేసిన పాత వ్యాను కనిపిస్తుంది. సాయంత్రం నెగడు చుట్టూ ఆ రెండింటి యజమానులూ పక్కపక్కన కూర్చుంటారు. వారి సంభాషణ ఆస్తి గురించి కాదు, కారుతున్న పైకప్పు గురించి. ఏ జిగురు పూస్తే నీరు ఆగుతుందో పాత వ్యాను వానికే బాగా తెలిసి ఉండవచ్చు. ఆ క్షణాన గురువు అతడే.

దీనిని ఆదర్శలోకంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. పెద్ద ఆసుపత్రి దూరం. వయస్సు మళ్ళినవారే అధికం గనుక ప్రతి సంవత్సరం కొన్ని స్థలాలు ఖాళీగా మిగులుతాయి. ‘ఈ ఏడు వారు రాలేదు’ అన్న ఒక్క వాక్యంలో చెప్పవలసినదంతా ఉంటుంది. ఆ వాక్యం విన్న తరువాత నెగడు దగ్గర కొంతసేపు ఎవరూ మాట్లాడరు.

మన పల్లెలలో తిరునాళ్ళకు బండ్లు కట్టుకుని పోయేనాడు, ఇరుసుకు కందెన అయిపోయిందంటే ముందు బండివాడు ఆగి తన కందెన గొట్టం అందించేవాడని పెద్దలు చెప్పగా విన్నాము. అతడు చేసినది ఉపకారం కాదు. తన బండి కూడా ఏదో ఒక మలుపులో ఆగవచ్చునని అతనికి తెలుసు. ఇంటికి పునాది ఉన్నవారు పొరుగువారి పేరు తెలియకుండానే ఏళ్ళు గడపగలరు. పునాది లేని ఇంటిలో అది సాధ్యం కాదు. అక్కడ మనిషికి పునాది పక్కనున్న మనిషే. ఏప్రిల్ నడిమికి ఎండ ముదురుతుంది, ఇళ్ళు ఒక్కొక్కటే కదలిపోతాయి, ఎడారి మళ్ళీ ఎడారి అవుతుంది. వెళ్ళేవారు నేల మీద ఏమీ వదలరు. వారు నేర్చినదీ నేర్పినదీ మాత్రం వారితోపాటు దేశమంతటా ప్రయాణిస్తుంది.